నిలవదారుకు కావలసిన పటం: ధర గీత ఒక్కటే చాలదు

గుంటూరు మిర్చి యార్డులో బేరాలు ముగిసిన గంటలోపే ఆనాటి ధరలు ఊరూరా తెలిసిపోతున్నవి. ఒకప్పుడు కమీషన్ కొట్టులోని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన అంకెలు ట్రంకాల్ మీద ఖమ్మానికీ వరంగల్లుకూ చేరేవి. నేడు అవే అంకెలు రంగుల గ్రాఫులై సెల్‌ఫోన్లలో తిరుగుతున్నవి. అంకెలు చేరడంలో జాప్యం పోయినది గాని, వాటిని చదవడంలో పొరపాటు పోలేదు. పైపెచ్చు, పట్టికలో ఉంటే వెంటనే పట్టుబడే తప్పు గ్రాఫులోకి ఎక్కేసరికి అందంగా దాగిపోతున్నది.

ఉదాహరణకు ఒక నిలవదారు లెక్కను తీసుకొనవచ్చును. ఏప్రిల్‌లో క్వింటాలు రు. 12,000 చొప్పున మేలు రకం మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ఆగస్టులో ధర రు. 13,800 పలికినది. ఇంకా పెరుగుతుందని ఆగాడు. డిసెంబరులో రు. 13,500 వద్ద నిలిచినది. ఈ ధరలకు ఎవరో నిలువు పట్టీల గ్రాఫు గీశారు. అడుగు గీతను సున్న వద్ద గాక రు. 11,500 వద్ద పెట్టి, అంగుళానికి వెయ్యి రూపాయల లెక్కన పట్టీలు నిలబెట్టారు. ఏప్రిల్ పట్టీ అర అంగుళం, డిసెంబరు పట్టీ రెండు అంగుళాలు. చూసిన కంటికి సరుకు ధర నాలుగు రెట్లయినది. వాస్తవంలో పెరిగినది నూటికి పన్నెండున్నర.

కన్ను మోసపోవడం అంతటితో ఆగలేదు. ఈ నిలవదారుకు వడ్డీ నెలకు నూటికి రూపాయిన్నర అనుకుంటే క్వింటాలుకు నెలకు రు. 180 పడుతుంది. గిడ్డంగి అద్దె సీజనుకు రు. 400, హమాలీ, బీమా కలిపి మరో వంద అనుకుంటే, సరుకు గిడ్డంగిలోకి చేరేసరికే గిట్టుబాటు ధర రు. 12,500. ఆగస్టు నాటికి అది రు. 13,220. అప్పుడు అమ్మి ఉంటే క్వింటాలుకు రు. 580 మిగిలేది. డిసెంబరు నాటికి గిట్టుబాటు ధర రు. 13,940కి ఎక్కినది. రు. 13,500కు అమ్మితే రు. 440 నష్టం. వెయ్యి క్వింటాళ్ల మీద నాలుగు లక్షల నలభై వేలు. ధర తగ్గినది మూడు వందలే, కాని లాభనష్టాల తేడా క్వింటాలుకు వెయ్యి రూపాయలు దాటినది.

ఆ గ్రాఫులోని ధరలలో తప్పు ఒక్కటి కూడా లేదు. లేనిదల్లా నిలవదారు అడిగే ప్రశ్న. “ధర పెరిగిందా?” అన్నది అతని ప్రశ్న కాదు. “నేను ఆగిన ఖర్చు కంటె ఎక్కువ పెరిగిందా?” అన్నది అతని ప్రశ్న. ధర గీత పక్కనే రు. 12,500 వద్ద మొదలై నెలకు రు. 180 చొప్పున ఎక్కే మరొక సన్న గీత గీసి ఉంటే జవాబు ఒక్క చూపులో తెలిసేది. ఆగస్టులో ధర గీత పైన, ఖర్చు గీత కింద. ఆ తరువాత రెండూ దగ్గరై, ఒకదానినొకటి కోసుకొని, డిసెంబరులో తారుమారు. ఈ రెండవ గీత గీయడానికి కావలసినవి ఒక కొలబద్ద, పది నిమిషాల తీరిక.

ఏది గీయాలో తెలియక నష్టపోయినవారిలో ఈ విద్యకు ఆద్యుడైన మనిషి కూడా ఉండడం విశేషం.

ప్లేఫేర్ గోధుమ పటం

వర్తక అంకెలను గీతలుగా మార్చి అచ్చు వేసిన తొలి వ్యక్తిగా విలియం ప్లేఫేర్‌కు పేరున్నది. స్కాట్లండ్ దేశస్థుడు. ఆవిరియంత్రపు జేమ్స్ వాట్ వద్ద నమూనాలు గీసే పనిచేసినవాడు. 1786లో ఆయన ప్రచురించిన వాణిజ్య అట్లాసులో ఇంగ్లండు వివిధ దేశాలతో జరిపిన ఎగుమతి, దిగుమతి వ్యాపారం ఏడాది వెంట ఏడాదిగా గీతలలో కనిపిస్తుంది. ఎగుమతి గీత ఒకటి, దిగుమతి గీత ఒకటి. రెండింటి నడుమ జాగాకు రంగు వేసి, అది లాభమో నష్టమో అక్కడే రాశారు. గీతలు కాదు, గీతల మధ్య జాగాయే అసలు సంగతి అని ఆయన ఆ పుస్తకంలోనే గుర్తించారు. స్కాట్లండ్‌కు మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరికినందున గీతకు బదులు పట్టీలు వేయవలసి వచ్చినది. నేడు ప్రపంచమంతా వాడే బార్ గ్రాఫు అలా లెక్కలు దొరకని ఇబ్బందిలోంచి పుట్టినది.

అదే ప్లేఫేర్ వృద్ధాప్యంలో, 1821లో, గోధుమల మీద ఒక పటం వేశారు. 1565 నుంచి 1821 వరకు, రెండున్నర శతాబ్దాల ధరలు. గోధుమల క్వార్టర్ ధర పట్టీలుగా, మంచి పనివాని వారపు కూలి కింద ఒక గీతగా, పైన రాజులూ రాణుల పాలనాకాలాలు. ఒక్క కాగితం మీద ఇంత సమాచారం ఇమిడ్చిన పటం నేటికీ అరుదు. కూలితో పోల్చి చూస్తే గోధుమలు తన కాలంలో ఉన్నంత చౌకగా మునుపెన్నడూ లేవని నిరూపించడం ఆయన ఉద్దేశం. అయితే పటం చూసినవారికి ఎత్తైన పట్టీలే కనిపిస్తవి, ధర పెరిగినదనే తోస్తుంది. కూలి గీతను, ధర పట్టీని చూసి మనసులో భాగహారం చేసుకుంటే తప్ప ఆయన చెప్పదలచినది తెలియదు. ఒక క్వార్టర్ గోధుమలు కొనడానికి ఎన్ని వారాల కూలి కావాలి అన్న ఒక్క గీత వేసి ఉంటే, అది శతాబ్దాల వెంట దిగివచ్చి ఆయన మాటను తానే చెప్పేది. ఆయన అది వేయలేదు. తరువాతివారు ఆ పటాన్ని అలా తిరగగీసి చూపారు.

మిర్చి నిలవదారు గ్రాఫులో జరిగినదీ ఇదే. అంకెలన్నీ ఉన్నవి. భాగహారమో తీసివేతో చదివేవాని నెత్తిన పడినది. బేరం మీద ఉన్న మనిషి తీసివేతలు చేయడు, ఎత్తును చూస్తాడు.

కొలత ఎక్కడ మొదలు పెట్టాలి

అమెరికాలో ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో వెలువరించిన పుస్తకం ఈ రంగంలో ప్రామాణికమైనది. గ్రాఫు ఎంత అబద్ధం ఆడుతున్నదో కొలవడానికి ఆయన ఒక సూత్రం చెప్పారు. కంటికి కనిపించే మార్పును, అంకెలలోని మార్పుతో భాగించాలి. ఒకటి వస్తే గ్రాఫు నిజాయితీగా ఉన్నట్టు. పై మిర్చి పట్టీలలో కంటికి నూటికి మూడు వందల పెరుగుదల. అంకెలలో పన్నెండున్నర. భాగిస్తే ఇరవై నాలుగు.

అందుచేత ప్రతి గ్రాఫూ సున్న వద్దే మొదలు కావాలని కొందరు పట్టుపడతారు. అది కూడా సరికాదు. పట్టీకి సున్న తప్పనిసరి, ఎందుకంటే పట్టీ విషయంలో కన్ను చూసేది ఎత్తునే. గీతకు ఆ నిర్బంధం లేదు. గీతలో కన్ను చూసేది వాలును, మలుపును. రు. 12,000 పలికే సరుకులో రెండు వందల కదలిక తెలియాలంటే సున్న నుంచి గీస్తే కాగితం చాలదు. గీతను పై నుంచి మొదలు పెట్టవచ్చును గాని, ఎక్కడ మొదలు పెట్టినదీ అంచున స్పష్టంగా రాయాలి. ఈ వారం ఒక కొలత, వచ్చే వారం మరొక కొలత మార్చకూడదు. ఇప్పటి యంత్రాలు గ్రాఫు గీసిన ప్రతిసారీ జాగాకు సరిపోయేలా కొలతను తామే సాగదీస్తున్నవి. మార్కెట్ స్తబ్దుగా ఉండి యాభై రూపాయలు మాత్రమే కదలిన వారం కూడా, రెండు వేలు కూలిన వారం కూడా కాగితం మీద ఒకే కొండలా కనిపించడం దాని ఫలితమే. దళారికి దీనివల్ల కాస్త వ్యాపారం పెరుగుతుందేమో గాని, సరుకుదారుకు ఒరిగేది లేదు.

చాలా సంవత్సరాల ధరలు ఒకే పటంలో చూపవలసి వచ్చినప్పుడు మాత్రం కొలత స్వభావమే మారాలి. రు. 5,000 మీద ఐదు వందలంటే నూటికి పది. రు. 20,000 మీద అదే ఐదు వందలంటే నూటికి రెండున్నర. మామూలు కొలత రెండింటినీ ఒకే ఎత్తుగా చూపుతుంది. నిష్పత్తి కొలతలో ఐదు వేల నుంచి పది వేలకు ఎంత దూరమో, పది వేల నుంచి ఇరవై వేలకు అంతే దూరం. అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1917లోనే దీని ఉపయోగాన్ని వివరించారు. సీజను లోపలి పటానికి ఇది అక్కరలేదు. పదేళ్ల పటానికి మాత్రం తప్పదు.

యార్డు ధర, కొవ్వొత్తి ధర

ఫ్యూచర్స్ వ్యాపారం అలవాటైనవారు యార్డు ధరలను కూడా కొవ్వొత్తి గ్రాఫులలో వేస్తున్నారు. ఈ కొవ్వొత్తి పద్ధతి జపాన్ బియ్యం వ్యాపారం నుంచి వచ్చినది. ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లో ప్రభుత్వ గుర్తింపు లభించినది. రాబోయే సరుకు మీద బేరాలు క్రమబద్ధంగా జరిగిన తొలి మార్కెట్లలో అది ఒకటి. కొవ్వొత్తి గ్రాఫును సకాటాకు చెందిన బియ్యం వర్తకుడు హొమ్మా మునెహిసా కనిపెట్టారని ప్రతీతి. ఆ రూపం ఆయన తరువాతి కాలానిదన్న అభిప్రాయమూ ఉన్నది. ఏదైతేనేం, ఒక్క కొవ్వొత్తిలో నాలుగు అంకెలు ఇమిడిపోతవి: ఆరంభ ధర, ముగింపు ధర, మధ్యలో తాకిన గరిష్ఠం, కనిష్ఠం. తక్కువ సిరాతో ఎక్కువ సంగతి చెప్పడంలో దీనికి సాటి కొద్ది.

కాని యార్డుకు అది అతకదు. ఫ్యూచర్స్‌లో సరుకు నాణ్యత ముందే స్థిరపడి ఉంటుంది, మారేది కాలం. కనిష్ఠ, గరిష్ఠాల మధ్య ఉన్నది పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య జరిగిన పోరు. యార్డులో అలా కాదు. ఆగ్‌మార్క్‌నెట్‌లో యార్డుల నుంచి చేరే కనిష్ఠ, గరిష్ఠ ధరలలో ఎక్కువ భాగం నాణ్యత తేడా. ఒకే గంటలో పక్కపక్క లాట్లలో డీలక్స్ సరుకు ఒక ధర, మీడియం సరుకు మరొక ధర పలుకుతవి. తడి తగిలిన లాటు ఒకటి రాగానే కనిష్ఠ ధర పడిపోతుంది. మార్కెట్ పడిపోయినట్టు కాదు. తాలు ధరను కూడా కలిపి సరాసరి తీసే గ్రాఫులైతే మరీ ప్రమాదకరం. తాలు ఎక్కువ వచ్చిన రోజున తేజ ధర తగ్గినట్టు కనిపిస్తుంది.

కనుక యార్డు పటానికి ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధరే వెన్నెముక కావాలి. కనిష్ఠ, గరిష్ఠాలను దాని వెనుక పలుచని నీడగా వేస్తే చాలు. నీడ వెడల్పు కూడా ఒక కబురే. మోడల్ ధర కదలకుండా నీడ మాత్రం కిందికి సాగితే, నాసి సరుకు రాక మొదలైనదని అర్థం. జనవరి నుంచి మార్చి వరకు ఏసీ సరుకు, కొత్త సరుకు రెండూ అమ్ముడవుతవి గనుక అప్పుడు రెండు గీతలు వేరువేరుగా ఉండాలి. వాటిని ఒకే గీతగా కలిపితే, ఏసీ సరుకు తరిగిపోతున్న కొద్దీ ఆ గీత కొత్త సరుకు వైపు జారి, ధర మారినట్టు తోస్తుంది.

మే నెల సెలవులు మరొక చిక్కు. యార్డు వారాల తరబడి మూసి ఉన్న కాలాన్ని దాటించి గీత కలిపితే, జరగని బేరాలు జరిగినట్టు కనబడతవి. అక్కడ గీత తెగాలి, ఖాళీ కనబడాలి.

ఒక్క కాగితం మీద మూడు అంతస్తులు

ధర ఎందుకు కదలినదో ధర గీత చెప్పదు. అందుకు దాని కిందనే, అవే తేదీల మీద, సరుకు రాక ఉండాలి. ఆ కింద కోల్డ్ స్టోరేజీలలో నిలవ. మూడు అంతస్తులకూ తేదీల గీత ఒక్కటే. పై అంతస్తులో మార్చి రెండవ వారం ఎక్కడ ఉన్నదో, కింది అంతస్తులలో సరిగ్గా దాని కిందనే అదే వారం ఉండాలి. టిక్కీల రాక పట్టీలుగా, సున్న నుంచి. నిలవ మెట్లుగా. రాక పెరుగుతూ ధర నిలబడితే గిరాకీ ఉన్నట్టు. రాక తగ్గుతూ ధర కూడా తగ్గితే నిలవల బరువు పని చేస్తున్నట్టు. ఈ రెండు సందర్భాలలోనూ ధర గీతను విడిగా చూసినవారికి అసలు సంగతి తెలియదు.

కొందరు ధరను ఎడమ అంచు కొలతతోనూ, రాకను కుడి అంచు కొలతతోనూ ఒకే చట్రంలో ఒకదాని మీద ఒకటి గీస్తారు. ఇది మానదగిన అలవాటు. రెండు కొలతలను అటూ ఇటూ జరిపి, గీతలు ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకొనేలా చేయవచ్చును. ఆ కోత చూసి ఏదో మలుపు వచ్చినదని భ్రమపడేవారు తక్కువేమీ కాదు. ధర, ఖర్చు గీతల కోత వేరు. రెండూ క్వింటాలుకు రూపాయలే, ఒకే కొలత మీదివే.

వెనుకటి సంవత్సరాలను ఎలా చూపాలన్నది తరువాతి ప్రశ్న. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1980 సంవత్సరపు వాతావరణాన్ని 1981 జనవరిలో ఒకే పటంగా ముద్రించినది. మామూలుగా ఉండవలసిన ఉష్ణోగ్రత ఒక నీడ, ఆ ఏడాది రోజువారీ గరిష్ఠ కనిష్ఠాలు దాని మీద, కింద వాన లెక్క. రెండు వేలకు పైగా అంకెలున్నా పాఠకునికి బరువనిపించదు. టఫ్టీ తన పుస్తకంలో దీనిని మెచ్చుకున్నారు. సరుకు ధరలకు కూడా ఈ పద్ధతి పనికివస్తుంది గాని, సరాసరి విషయంలో జాగ్రత్త అవసరం. వాతావరణానికి మామూలు అనేది ఒకటి ఉంటుంది. మిర్చికి అది ఉన్నదని చెప్పడం కష్టం.

2016లో మంచి ధరలు చూసి రైతులు సాగు పెంచగా, 2017 వేసవిలో ధర కుప్పకూలినది. ఆ మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలు రు. 5,000 ధర, పై ఖర్చులకు రు. 1,250 చొప్పున ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు, తెలంగాణలో 33,700 టన్నులు కొనేందుకు అనుమతించినది. 2023లో మేలు రకాలు రు. 20,000 దాటి పలికినవి. 2025 ఫిబ్రవరిలో మళ్లీ జోక్యం అవసరమై, ఆంధ్రప్రదేశ్ మిర్చికి రు. 11,781 ధర నిర్ణయించబడినది. ఇటువంటి సంవత్సరాలను కలిపి సరాసరి తీస్తే, ఏ సంవత్సరంలోనూ లేని ధర ఒకటి వస్తుంది. అందువల్ల సరాసరికి బదులు ఏ సంవత్సరం గీత ఆ సంవత్సరానిదిగా సన్నగా వేసి, గీత చివర సంవత్సరం రాసి, ఈ సంవత్సరాన్ని మాత్రమే లావుగా వేయడం మేలు. గీతలు మరీ చిక్కుపడితే, అదే కొలతతో చిన్న చిన్న పటాలు ఏడాదికొకటి చొప్పున వరుసగా పేర్చవచ్చును. 2016, 2017 పటాలు పక్కపక్కన ఉంటే చూసేవానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

అంకెల వెంట మాట కూడా ఉండాలి. పథకం ప్రకటించిన రోజు, ఎగుమతి ఆర్డర్లు ఆగిన రోజు, అకాల వర్షం పడిన వారం. వీటిని అడుగున అంకె వేసి సూచికలో వివరించడం కంటె, గీత మీద ఆ చోటనే రెండు ముక్కలు రాయడం మంచిది. కన్ను అటూ ఇటూ పరుగెత్తనక్కరలేదు.

సరుకు ప్రవాహాన్ని చూపాలంటే మాత్రం గీతలు చాలవు. ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ మినార్ 1858, 1864, 1865 సంవత్సరాలలో ఐరోపాకు చేరిన పత్తిని మూడు ప్రపంచ పటాలుగా పక్కపక్కన గీశారు. ఏ దేశం నుంచి ఎంత పత్తి వచ్చినదో ఆ దేశపు రంగులో అంత వెడల్పు పాయ. మొదటి పటంలో అమెరికా పాయ కాలువలా ఉన్నది, ఇండియా పాయ సన్నగా ఉన్నది. అమెరికా అంతర్యుద్ధంలో రేవులు దిగ్బంధమయ్యాక రెండవ పటంలో అమెరికా పాయ దారమైపోయి, ఇండియా పాయ ఉబ్బినది. బొంబాయి పత్తి వర్తకుల వైభవమంతా ఆ వెడల్పులో ఉన్నది. 1865లో యుద్ధం ముగిసి పత్తి ధర విరిగి, అక్కడి కంపెనీలు, బ్యాంకులు కూలిన సంగతి మాత్రం అందులో లేదు. ధర అందులో లేదు గనుక. పరిమాణం చూపే పటం ధరను చూపదు, ధర చూపే పటం పరిమాణాన్ని చూపదు. మూడు అంతస్తులు కావాలనడానికి కారణం ఇదే.

రంగు, సిరా, చిన్న తెర

పత్రికలో అచ్చయ్యే పటం నలుపు తెలుపులలోనే ఉంటుందని అనుకొని గీయాలి. ఎరుపు, ఆకుపచ్చ గీతలు జిరాక్సులో ఒకటే అవుతవి. లావు గీత, సన్న గీత, చుక్కల గీత, ఈ మూడింటితో చాలా వరకు పని జరుగుతుంది. వెనుక గళ్లు అవసరమైతే వెంట్రుక మందాన వేయాలి. పట్టీలకు లోతు చూపించే పెట్టె ఆకారాలు, నీడలు, గుండ్రని ముక్కల పటాలలో ఒక ముక్కను బయటికి లాగడం వంటివి పూర్తిగా వదలివేయవచ్చును. గుండ్రని పటంలో పద్దెనిమిది శాతం ముక్కకూ ఇరవై రెండు శాతం ముక్కకూ తేడా కన్ను పట్టలేదు. నాలుగు అంకెలే ఉన్నప్పుడు గ్రాఫు అసలే వద్దు, పట్టిక చాలు.

సెల్‌ఫోన్‌లో తిరిగే పటానికి వేరొక ప్రమాదం ఉన్నది. చేతులు మారే కొద్దీ దాని వెంట వచ్చిన మాటలు రాలిపోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది. గత సీజను పటం ఈ సీజనులో కొత్తదిగా తిరుగుతుంది. కనుక తేదీ, సంవత్సరం, యార్డు పేరు, రకం, ఏసీ సరుకో కొత్త సరుకో, క్వింటాలుకో టిక్కీకో, ఈ వివరాలన్నీ చట్రం లోపలే, గీతకు దగ్గరగా రాయవలసి ఉన్నది. అంచున రాస్తే కత్తిరించబడతవి.

ఖర్చు గీత మాత్రం ఎవరికి వారు గీసుకొనవలసినదే. సొంత డబ్బు పెట్టినవానికి నెలకు పడేది ఒకటి, కమీషన్ కొట్టులో అడ్వాన్సు తెచ్చినవానికి పడేది మరొకటి. ఏప్రిల్‌లో కొన్నవానికీ మార్చిలో కొన్నవానికీ అది మొదలయ్యే చోటు వేరు. అచ్చయిన పటం మీద పెన్సిలుతో గీసుకొనేందుకు వీలుగా కుడివైపు రాబోయే నెలలకు జాగా వదలాలి. సెలవుల తరువాత యార్డు తెరచిన మొదటి రెండు మూడు రోజుల ధరలను చుక్కలుగానే ఉంచి, రాక మామూలుకు వచ్చిన తరువాత గీతగా కలుపుకోవాలి.